ఉపవాసానికి తోడు

ఉపవాసం నాది, బాధ మాత్రం చుట్టుపక్కల వాళ్లందరిదీ. ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ రోజులన్నీ సాయంత్రం దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టనని ఆ ఏడు మా చర్చి సంఘంలో లేచి నిలబడి మరీ ప్రకటించాను. ఆ లేచి నిలబడటంలోనే నా తెలివితక్కువతనం మొదలైంది. ఉపవాసం ఉన్నవాడు ముఖం కడుక్కుని మామూలుగా తిరగాలని ప్రభువు చెప్పాడు. నేను ముఖం కడుక్కునేవాణ్ణే గానీ, తర్వాత దాన్ని వేలాడేసుకుని తిరిగేవాణ్ణి. ఎవరైనా టీ తాగుతుంటే వాళ్ల కప్పులోకి జాలిగా చూసేవాణ్ణి. ఒంట్లో కొవ్వు కరుగుతున్నకొద్దీ అది తలకెక్కుతోందని నాకు తెలియలేదు.

మా తెలుగువాళ్ల సంఘం దేశ రాజధానిలో, మునిర్కా అనే పేటలో ఒక బేస్‌మెంట్ హాల్లో కూడుతుంది. అక్కడ అందరూ అక్క అని పిలిచే నర్సు ఒకావిడ ఉంది, కాకినాడ వైపు మనిషి. ఒక శుక్రవారం నేను ఇంట్లోనే ఆఫీసు పని చేసుకుంటుంటే, మధ్యాహ్నం డ్యూటీకి వెళ్తూ స్టీలు క్యారియర్‌తో మా తలుపు కొట్టింది.

"తమ్ముడూ, స్కూటర్ తియ్యి. జియా సరాయ్‌లో ఒకబ్బాయి జ్వరంతో పడున్నాడు. మొన్న ఓపీలో తెలుగులో మూలుగుతుంటే పట్టుకున్నాను."

"మూలుగు కూడా తెలుగులో ఉంటుందా అక్కా?"

"ఎందుకుండదు? రోజూ నీ కడుపులోంచి వినపడట్లేదూ?"

ఆ అబ్బాయిది వరంగల్. కోచింగ్ కోసం వచ్చాడు. రూమ్మేట్ ఊరెళ్లాడు. ముందురోజు నుంచీ ఏమీ తినలేదు, ఖాళీ కడుపున వేసుకున్న మాత్రలన్నీ కక్కేస్తున్నాడు. ఈ పూట కూడా ఇంతే అయితే హాస్పిటల్లో చేర్చాల్సిందేనని అక్క దారిలో చెప్పింది. ఇరుకు మెట్లెక్కి గదిలోకి వెళ్లేసరికి మంచం మీద సగం పుస్తకాలు, సగం అతను.

అక్క క్యారియర్ విప్పి మెత్తగా కలిపిన పెరుగన్నం పళ్లెంలో పెట్టింది. అతను లేచి కూర్చుని, దుప్పటి సర్దుకుని, మొహమాటపడ్డాడు.

"మీరు గూడ తినుండ్రి."

"నేను తినేసే వచ్చాను," అంది అక్క.

"అన్నా, మీరు?"

"నేను ఉపవాసం," అన్నాను గొంతు సవరించుకుని. ఆ మాట చెప్పే అవకాశం వస్తే నేనెప్పుడూ వదులుకోలేదు.

అతని మొహం వెలిగిపోయింది. పళ్లెం పక్కకు జరిపాడు. "మంచిగైంది. అయితే నేను గూడ మీకు తోడుగ ఉపవాసముంట అన్నా. ఇంటికొచ్చినోళ్లను కూసోబెట్టి నేనొక్కణ్ణే ఎట్ల తింట?"

అక్క నావైపు చూసింది. సూది గుచ్చే ముందు దూదితో రుద్దుతూ చూసే చూపు అది.

"ప్రభువుకి మాటిచ్చానక్కా," అన్నాను మెల్లగా.

"ఆయన మీద నమ్మకం ఉండే కదా ఇచ్చావు? ఆ నమ్మకంతోనే నాలుగు ముద్దలు తిను. ఆయనేమీ నీ పళ్లెం దగ్గర కాపలా కూర్చోలేదు. నాకవతల డ్యూటీ."

కూర్చున్నాను. సంఘంలో మైకు దొరికితే ఒక పట్టాన వదలని నాకు ఆ రోజు, "ప్రభువా, ఇది ఇతని ఒంటికి పట్టించు, నా సంగతి నువ్వే చూసుకో" అన్నంత వరకే ప్రార్థన వచ్చింది. తర్వాత అతనో ముద్ద, నేనో ముద్ద. నేను ఆగితే అతనూ ఆగుతున్నాడు. అందుకని ఆగకుండా తిన్నాను. సేవ అన్నాక కష్టపడాలి. అసలు ఇబ్బంది ఏమిటంటే, అన్నం చాలా రుచిగా ఉంది.

మాత్రలు వేసుకున్నాడు. కాసేపు కూర్చుని చూశాం. కక్కలేదు.

అక్కని హాస్పిటల్ గేటు దగ్గర దింపి స్కూటర్ తిప్పుకుంటుంటే వెనక నుంచి ఆమె గొంతే వినపడింది. "భయ్యా, జల్దీ." తినేసే వచ్చిన మనిషి టీ బండి దగ్గర నిలబడి బన్ను మింగుతోంది. నన్ను చూడలేదు.

ఆ తర్వాత అతను కోలుకునే దాకా క్యారియర్ మోసే పని నాది, తినే పని ఇద్దరిదీ. ఆదివారం ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా నెట్టుకొద్దామనుకున్నాను. ఆరాధన అయిందో లేదో అక్క అందరికీ చెప్పేసింది: "మా తమ్ముడు ఉపవాసం మానేసి మనిషయ్యాడండీ." ఎవరూ నన్ను పాపిని చూసినట్టు చూడలేదు. నవ్వి, చేతిలో టీ పెట్టారు. నాకు దానికే ఎక్కువ సిగ్గేసింది. అక్క మీద పగ తీర్చుకోవాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఈస్టర్ నాడు తెల్లవారే ఆరాధన ముగిశాక మేడ మీద ఇడ్లీ, సాంబారు పెడతారు. వడ్డన ఎప్పుడూ అక్కదే. "నేను తినేశాలే" అంటూ అందరికీ పెట్టి, అట్నుంచటే డ్యూటీకి పోవడమూ ఎప్పుడూ ఉన్నదే. వరంగల్ అబ్బాయి కూడా వచ్చాడు, పండుగ సంగతి సగం, ఇడ్లీ సంగతి సగం విని.

"అక్కా, నువ్వు తిన్నావా?" అన్నాను.

"తినేశాలే, నువ్వు కానియ్యి."

నేను ప్లేటు కింద పెట్టాను. అతను తన ప్లేటు నా ప్లేటు పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"అయితే మేము గూడ ఉపవాసమే అక్కా."

వరసలో వాళ్లంతా ఒక్కొక్కరే ప్లేట్లు దించారు. అప్పటికే సగం ఇడ్లీ నోట్లో పెట్టుకున్న పాస్టరుగారు నమలడం ఆపేశారు. అక్క వాచీ చూసుకుంది, మమ్మల్ని చూసింది, గరిటె నా చేతిలో పెట్టి చాప మీద కూలబడింది.

సాంబారు కాస్త ఎక్కువే పోశాను.