బొటనవేలూ బకెట్టు ముక్కా

బ్లూస్ గిటార్ వాయించేవాళ్లలో రెండు మతాలున్నాయి. బొటనవేలికి ఉంగరంలా ప్లాస్టిక్ పిక్కు తొడుక్కుని తీగ మీటేవాళ్లది ఒకటి, ఏమీ తొడుక్కోకుండా ఒట్టి వేలితో మీటేవాళ్లది ఇంకొకటి. నేను రెండోదాంట్లో చేరాను. కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి ఉండాల్సిన మూర్ఖత్వమంతా దాంతోపాటే వచ్చింది. అమెరికా పత్తి చేలల్లో ఒళ్లు హూనం చేసుకున్న నల్లవాళ్ల సంగీతం ఇది, చర్మం తీగకు తగలాల్సిందే, మధ్యలో ఈ ప్లాస్టిక్ ఏమిటని కనబడ్డవాళ్లందరికీ క్లాసు పీకేవాణ్ణి. నేనేమో తార్నాకలో, ప్రయోగశాల ఉద్యోగి అయిన మా నాన్న కట్టించిన ఇంట్లో, అమ్మ కలిపిపెట్టిన పెరుగన్నం తిని పెరిగాను. పత్తితో నాకున్న సంబంధమల్లా, దెబ్బ తగిలినప్పుడు అమ్మ అద్దే దూది.

చేలో నిజంగా పత్తి ఏరినవాడు నా స్నేహితుడు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి యూనివర్సిటీ హాస్టల్లో ఉండేవాడు. ఆదివారాలు లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉన్న మేనమామ వెంట చర్చికెళ్లి గిటార్ వాయించేవాడు. వాడిది పిక్కు మతం. కొన్నవి ఊరికే విరిగిపోతున్నాయని, హాస్టల్ బాత్రూంలో పగిలిన ఎర్ర బకెట్టు ముక్కను కొవ్వొత్తి సెగ మీద వంచి సొంతంగా పిక్కు చేసుకున్నాడు.

"పత్తి ఏరి చేతులేళ్లు పగులుడు నేను చిన్నప్పుడే చూసిన. మల్ల గిటార్ మీద గూడ పగులగొట్టుకోవాల్నా?" అనేవాడు. "ఆఖరి బెంచోళ్లకు ఇనపడాలె. గంతే."

ఈ మాట వింటే నాకు జాలేసేది. పాపం, బ్లూస్ ఆత్మ వీడికి అందలేదే అనుకునేవాణ్ణి.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. క్యాంపస్‌లో దీక్షల టెంటు వేశారు. పొద్దంతా డప్పులు, పాటలు. నాకు అక్కడ కూర్చుని వాయించాలని మహా కోరికగా ఉండేది. సరదా కోసం కాదు. పుట్టింది ఇక్కడ, సీతాఫల్‌మండి స్టేషన్లో రైళ్లెక్కి తిరిగింది ఇక్కడ, అడిక్‌మెట్ సందుల్లో తిట్లు నేర్చుకున్నదీ ఇక్కడే. వీడు మనోడేనని ఆ టెంటులో ఎవరైనా ఒక్కరు అంటే చాలనిపించేది.

ఒక బంద్ రోజున నా స్నేహితుడు వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు. టెంటు చూసుకునే అన్న మర్యాదగా చాయ్ ఇప్పించాడు.

"మీదేవూరు భయ్యా?"

"తార్నాక."

"గట్ల కాదు. అసలూరు?"

"నాన్నది తెనాలి దగ్గర."

"మంచిగున్నది. చాయ్ తాగు," అన్నాడు. ఆ మర్యాదే నొచ్చింది.

స్నేహితుడు బతిమాలితే ఒక పాటకు వెనక వాయించనిచ్చారు. అటూ ఇటూ డప్పులు, మధ్యలో నా ఒట్టి బొటనవేలు. పాట సగం కాకముందే ముందు వరసలో కూర్చున్నతను అడిగాడు: "వాయిస్తున్నవా, ఊకె పట్టుకోని కూసున్నవా?" స్నేహితుడు ఎర్ర ముక్క నా ముందుకు జరిపాడు. మతం మార్చుకుంటానా? ఇంకా గట్టిగా బాదాను. పాట అయ్యేసరికి వేలి చర్మం లేచిపోయింది. శబ్దం మాత్రం నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

అలిగి, గిటార్ అక్కడే వదిలేసి ఇంటికి బయల్దేరాను. ఆలోపు క్యాంపస్ గేటు దగ్గర రాళ్లు పడ్డాయట, పోలీసులు టియర్ గ్యాసు వదిలారట. తార్నాక చౌరస్తాలో పోలీసులు కుర్రాళ్లను ఆపి చేతులు చూస్తున్నారు. గీరుకుపోయిన చేతులున్నవాడు రాళ్లు విసిరినట్టు లెక్క. ఆ పూట ఊరంతటికీ నాదే అసలైన చెయ్యి. వ్యాను ఎక్కించారు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ నా వేలు ఎత్తి పట్టుకుని చూశాడు.

"ఏ ఊరయ్యా మీది?"

"తార్నాక సార్."

"అది కాదు, అసలు ఊరు?"

చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది. "మన వైపువాడివై ఉండి వీళ్లతో కలిసి రాళ్లేస్తావా? సిగ్గులేదూ?"

గిటార్ వాయిస్తే చిరిగిందని చెప్పాను. ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటిది వినలేదన్నాడు. ఇంతలో కబురు తెలిసి నా స్నేహితుడు గిటార్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తనూ వాయిస్తానని సాక్ష్యం చెప్పబోయాడు. ఇన్‌స్పెక్టర్ వాడి బొటనవేలు కూడా చూశాడు. నున్నగా ఉంది.

"ఇతనూ వాయిస్తాడుగా? ఇతనికి ఏమీ కాలేదే?"

నా స్నేహితుడు నావైపు చూశాడు. జేబులో బకెట్టు ముక్క తడుముకున్నాడు. పరిచయమైన నాటి నుంచి నేనెంత చెప్పినా వాడు ఒప్పుకోని మాటలన్నీ అప్పుడు ఒక్కొక్కటే బయటకొచ్చాయి.

"సార్, అసలైన బ్లూస్ ఒట్టి ఏలుతోనే వాయిస్తరు. చర్మం తీగకు తాకాలె సార్. మేం పిక్కు పెట్టేది చాతగాక. వీడే కరెక్ట్ సార్."

నా మతం గెలిచింది. లాకప్ ముందు నిలబడి, చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ, పొంగిపోయాను.

"అయితే వాయించు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

వాయించాను. ప్రాణం పోయింది. తీగల మీద ఎర్రగా అంటుకుంటుంటే ఆయనే మొహం తిప్పుకుని, "చాలు, ఆపు నాయనా. ఇంటికెళ్లి మందు రాసుకో," అన్నాడు.

బయటికి రాగానే స్నేహితుడు వేలు చూపించి బెదిరించాడు. "లోపల అన్నది లోపల్నే. పిక్కే కరెక్ట్."

మర్నాడు దూది, కట్టుతో టెంటుకు వెళ్లాను. అప్పటికే కథ పాకిపోయింది. "ఏం ఇసిరినవ్ భయ్యా!" అని నిన్నటి అన్న కావలించుకున్నాడు. "రాయి ముట్టుకోలేదన్నా, గిటార్ వాయిస్తే చిరిగింది," అన్నాను, ఉన్నదున్నట్టు. టెంటంతా పగలబడి నవ్వింది. "గట్లనే చెప్పాలె, పోలీసోళ్లకు!"

వాళ్లు జరిగి కింద పరిచిన పరదా మీద చోటిచ్చారు. కట్టు ఉంది కాబట్టి నేను వాయించే ప్రశ్నే లేదు. నా గిటార్ నా స్నేహితుడు అందుకుని ఎర్ర ముక్క తొడుక్కున్నాడు. డప్పులను దాటుకుని ఒక్కో తీగా టెంటు చివరిదాకా ఖణేల్మని వినిపించింది. ఏడుపొచ్చింది, వాడి మీద అసూయతో కొంత, సంతోషంతో కొంత. పక్కనున్నతను నా కట్టు చూసి భుజం మీద చెయ్యేశాడు. ఆ రోజు అసలూరు ఏదని నన్నెవరూ అడగలేదు.