నేను తీసేసిన వాక్యం

ఆరేళ్లుగా ఒక వాక్యం నా గుండెల మీద కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా తెలుగు చర్చికి వీడియోలు, పాటల స్లైడ్లు తయారుచేసేది నేనే. నా తెలుగుకు వంక పెట్టినవాళ్లు లేరు. ఒకసారి యూరప్‌లోని ఒక దేశాధినేత ప్రసంగం దొరికింది. తమది క్రైస్తవ దేశమనీ, అలాగే ఉంచుతాననీ అంటున్నాడు. కోర్టులనూ పత్రికలనూ గుప్పిట్లో పెట్టుకున్న మనిషని చదివాను. చదివీ లెక్కచేయలేదు. సొంత ఊళ్లో కొద్దిమంది క్రైస్తవుల్లో ఒకడిగా బతికినవాణ్ణి. మా దేవుడి పేరు ఒక పాలకుడి నోట వింటే ఒళ్లు పులకరించింది.

ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ చూసి తెలుగులో రాశాను. చివర్లో ఒక మాట ఉంది: "ఆసియా నుంచి వచ్చేవాళ్లు మా దేవుణ్ణే కొలిచినా మావాళ్లు కారు. పనయ్యాక వెళ్లిపోవాలి." ఆ ముక్క కత్తిరించాను. ఆదివారం అందరూ చప్పట్లు కొట్టారు.

చర్చిలో గిటార్ వాయించే ప్రభుదాస్‌కి ఆ ఏడాదీ హెచ్-1బి వీసా లాటరీలో పేరు రాలేదు. కంపెనీ రెండు దారులు చూపింది: టొరంటో, లేదా ఆ నాయకుడి దేశంలోని ఆఫీస్. పార్కింగ్‌లో నన్ను ఆపాడు. పక్కన భార్య సునీత, ఏడో నెల.

"అన్నా, ప్రేయర్ చేస్తున్నాం గానీ డిసైడ్ చేసుకోలేకపోతున్నాం. మీ వీడియో చూశాక సునీత అక్కడికే వెళ్దామంటోంది. మనవాళ్లని బాగా చూస్తారంటారా?"

"విశ్వాసుల దేశం తమ్ముడూ. భయపడకుండా వెళ్లు."

ఎంత ధీమాగా చెప్పాను!

వెళ్లారు. అక్కడ బస్సులో చంటిపిల్లతో ఉన్న సునీతను దిగిపొమ్మన్నారట. మెడలోని సిలువ చూపించిందట. నవ్వారట. రెండేళ్లకు కొత్త నిబంధన వచ్చింది, పర్మిట్ రెన్యూ కాలేదు. అప్పటికి టొరంటో ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఇప్పుడు ప్రభుదాస్ కాకినాడలో సగం జీతానికి పనిచేస్తున్నాడు. ప్రతి ఆదివారం నాకు మెసేజ్ పెడతాడు, మా కోసం ప్రార్థించండి అన్నా అని. ఒక్కసారైనా నన్ను తప్పుపట్టలేదు.

ఎందుకు తీసేశాను? వీడియో పొడుగైందని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. ఆ నాయకుడు నాకు నచ్చాడు. బయటివాళ్లను గెంటేస్తాననడమూ నచ్చింది, వాళ్లు మా దేవుణ్ణి కొలవనివాళ్లు అయినంతవరకు. ఆ వాక్యం ఉంటే నేను మురిసిపోవడానికి వీల్లేకపోయేది.

మిమ్మల్ని క్షమించమని అడగను; అది ఆ దంపతులు తేల్చాల్సింది, వాళ్లకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. కానీ ఇక్కడ రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. పొరపాటున తీయలేదు. ఆ మాట మా గురించేనని తెలిసే తీశాను.