పిడికిలితో అందించడం నేర్పిన మాస్టారు

మంగళవారం పొద్దున్న మా వ్యాయామం మాస్టారు పోయేరు. మర్నాడు పేపర్లో ఓ మూల రెండు లైన్లు వేసేరు, విశ్రాంత ఉపాధ్యాయుడు మృతి అని. చదివేసరికి ఒళ్ళు మండింది. ముక్తేశ్వరంలో లారీలకి కొబ్బరికాయలు ఎత్తే మా ముగ్గుర్ని ఇండియా జెర్సీలో ఆస్ట్రేలియా గడ్డ మీద నిలబెట్టిన మనిషికి రెండు లైన్లా? అందుకే ఇది రాస్తున్నాను.

ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్ మనవైపు చాలామందికి తెలీదు. బంతి కోడిగుడ్డులా ఉంటుంది. కాలితో తన్నచ్చు, చేత్తో పట్టుకోవచ్చు. పక్కవాడికి చేత్తో అందించాలంటే మాత్రం ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్దాలి. విసిరితే తప్పు. మాస్టారు ఎక్కడో శిక్షణ శిబిరంలో ఇది నేర్చుకొచ్చి, కోతలైపోయిన చేలో అటు నాలుగు, ఇటు నాలుగు సరుగుడు కర్రలు పాతేరు. నడిమి రెండిటి మధ్య నించి తన్నితే ఆరు పాయింట్లు, పక్కవాటి మధ్య నించి పోతే ఒకటి. అప్పటికి దొరికిన కూలి సంఘాల కరపత్రమల్లా చదివి ఊగిపోతున్న నేను, "తెల్లోళ్ళ ఆట మనకెందుకండీ?" అని ఎగిరేను.

"గురి కాస్త తప్పినవాడికి కూడా ఒక పాయింటు ఇచ్చే ఆటరా ఇది. నీ కరపత్రాల్లో అంత దయ ఉందేమో చూసి చెప్పు," అన్నారు.

మర్నాడు చేలోకెళ్ళేను.

కొన్నేళ్ళకోసారి ఆస్ట్రేలియాలో అమెచ్యూర్ జట్లకి అంతర్జాతీయ పోటీ జరుగుతుంది. ఏ దేశం జట్టులో ఆ దేశంలో పెరిగిన మామూలు మనుషులే ఆడాలి. కూలివాడైనా సరే. ఆ ఒక్క మాటకే నాకు పిచ్చెక్కింది. ఎలాగైనా వెళ్ళాలి.

కానీ మా చేతులకో జబ్బుంది. రాశి దగ్గర్నుంచి లారీ దాకా వరసగా నిలబడి, పొద్దస్తమానం ఒకరి చేతుల్లోకి ఒకరం కాయలు విసురుకుంటాం. ఇండియా జట్టుని ఎంచే మ్యాచ్‌లో, మీదకి ముగ్గురు రాగానే నేను బంతిని కాయ విసిరినట్టే విసిరేను. అంపైరు చూళ్ళేదు. గట్టు మీంచి మాస్టారే అరిచేరు: "విసిరేడండీ! మావాడు విసిరేడు!"

బంతి అవతలివాళ్ళకిచ్చేరు. గోల్ కొట్టేరు. జాబితాలో నా పేరు లేదు.

"మీరెవరి పక్కండీ?" అని అందరిముందూ అరిచేను.

"విసిరేవా, లేదా?"

"విసిరేను! ఎవరూ చూళ్ళేదుగా!"

"నేను చూసేనుగా."

రెండు నెలలు ఆయన మొహం చూళ్ళేదు. ఓ రోజు ఆయనే కొబ్బరి యార్డుకొచ్చి, వరసలో నా పక్కన నిలబడ్డారు. వచ్చిన కాయని అరచేతిలో పెట్టుకుని పిడికిలితో గుద్ది నాకు పంపేరు. అది నా కాలి మీద పడింది.

"మాస్టారండీ, ఆ కాయ మీకేం అపకారం చేసిందండీ?" అంది వరసలో ఉన్న మా పిన్ని. వరసంతా గొల్లున నవ్వింది.

"అలవాటు ఇక్కడే అయిందమ్మా. ఇక్కడే మాన్పించాలి కదా," అన్నారాయన, ఇంకో కాయ గుద్దుతూ.

మధ్యాహ్నానికి ఆయన వేళ్ళ కణుపులు వాచిపోయేయి. తువ్వాలు తడిపి కట్టేను. "సాయంత్రం చేలోకి రా," అన్నారు. అంతే. ఆ రోజు నించి లారీ నిండగానే, వలవని కాయ ఒకటి పట్టుకుని చెయ్యి తిమ్మిరెక్కేదాకా గుద్దేవాణ్ణి.

తరవాతిసారి మా ముగ్గురి పేర్లూ వచ్చేయి.

అక్కడ మొదటి రెండు మ్యాచ్‌లూ చిత్తుగా ఓడేం. మూడోదాంట్లో ఆఖరి నిమిషం, మూడు పాయింట్లు వెనకున్నాం. వెనక నించి ఒకడు నా నడుం పట్టుకుని లాగేస్తున్నాడు. చేతులు విసురుదామనే చూసేయి. పిడికిలే లేచింది. బంతి మా ఊరివాడి చేతుల్లో పడింది. వాడు తన్నేడు. నడిమి కర్రల మధ్య నించి దూసుకుపోయింది. ఆరు పాయింట్లు!

అవతలి జట్టు కోచ్ వచ్చి, చేత్తో అందించడం మీకెవరు నేర్పేరని అడిగేడు. జెర్సీ కూడా విప్పకుండా వీడియో కాల్ చేసేను. మాస్టారు అరుగు మీద బనీనుతో ఉన్నారు.

"గెలిచేమండీ! వీళ్ళ కోచ్ మిమ్మల్ని చూడాలంటున్నాడండీ!"

"ఆయ్. ఒక్క నిమిషం ఉండమను."

ఫోను అరుగు మీద పెట్టి లోపలికెళ్ళేరు. తెర మీద కాసేపు ఖాళీ గుమ్మం, ఎండ. మేమందరం ఆ గుమ్మంకేసే చూస్తూ నిలబడ్డాం. తెల్లచొక్కా తొడుక్కుని, మెడ దగ్గర బొత్తాం కూడా పెట్టుకుని, తల దువ్వుకుని, మాస్టారు బయటికొచ్చేరు.