సగం విన్న డబ్బాలు

చనిపోయిన మనిషి వస్తువు మన దగ్గర ఉంచుకోకూడదని మీకు ఎవరు చెప్పారు? ఏ గ్రంథంలో ఉంది? తెచ్చి చూపించండి. బడి నాలుగో తరగతితో ఆగిపోయినా, నాకు నేనే కూడబలుక్కుని చదువుకుని ఇన్నేళ్లుగా మన భజన మందిరంలో పురాణం చెబుతున్నవాణ్ణి. ఎర్రగుడ్డలో చుట్టిన పుస్తకం ఇది రాస్తున్నప్పుడు కూడా నా పక్కనే ఉంది. నాకైతే అందులో ఎక్కడా కనపడలేదు.

మా మేనకోడలు పోయింది. మా చెల్లెలి కూతురు. మొన్న అమావాస్యకు ముందు, బెంగళూరు ఆసుపత్రిలో, విషజ్వరంతో. ముప్పై ఏళ్లు నిండలేదు. ఆమెతో కలిసి పరిశోధన చేసే గుంతకల్లు అమ్మాయి ఫోను చేసి చెప్పింది. అప్పుడు నేను మగ్గం గుంటలో ఉన్నాను. "సరేనమ్మా" అని ఫోను పక్కన పెట్టి మళ్లీ నేశాను. నాడెలో దారం అయిపోయేదాకా నేస్తూనే ఉన్నాను. మా ఇంటామె వచ్చి "ఫోను ఎవరు చేసినారు?" అని అడిగితే అప్పుడు చెప్పాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఏకాదశి నాడు మైకు లేకుండానే ఊరి చివరికి వినపడే గొంతు నాది. ఇప్పుడు మంచినీళ్లు అడగడానికి కూడా లేవడం లేదు, అందుకే ఊరందరికీ ఇది రాస్తున్నాను.

గోరంట్ల వైపు మా ఊళ్లో ఆమె ఏం చదువుతోందో తెలిసినవాళ్లు తక్కువ. డాక్టరేటు చదువు అంటే సూదులు వేసే డాక్టరనుకుని మోకాళ్ల నొప్పులు చెప్పుకున్నవాళ్లున్నారు. పాపం, ఆమె ఓపిగ్గా వినేది. చివర్లో "నేను మోటార్లకు డాక్టర్ని పెద్దమ్మా" అనేది. చదువుకు ప్రభుత్వం ఫెలోషిప్పు ఇచ్చేది. "ఇవి జనాల దుడ్లు మామా, జనాలకు జవాబు చెప్పాల" అనేది.

యంత్రానికి వినడం నేర్పడం ఆమె చదువు. బోరులో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పైపు అదిరే తీరు వేరు, నీళ్లు దిగిపోతున్నప్పుడు వేరు. ఆ తేడా మన చెవికి తెలిసేసరికి లోపల మోటారు కాలిపోయి ఉంటుంది. దాన్ని ముందే పసిగట్టే యంత్రాన్ని తయారుచేయాలని ఆమె పట్టుదల. అందుకోసం మా ఊరి బోర్ల పైపులకు సబ్బుపెట్టె అంత బ్యాటరీ డబ్బాలు బిగించింది. అవి రాత్రింబవళ్లు అదురును రాసుకుంటాయి.

ఒకసారి మా ఇంట్లో సంగటి తింటుండగా నిలదీశాను.

"యంత్రానికి నేర్పే అయ్యోరు ఎవరు? నువ్వేనా?"

"ఎవరూ లేరు మామా. అదురులో రవ్వంత ముక్క దాచిపెడతాం. దాచింది ఏందో అదే ఊహించుకోవాల. మళ్లా తెరిచి చూపిస్తాం. తప్పుంటే దిద్దుకుంటాది. అట్ల లక్షలసార్లు."

"ఇది నీళ్ల సప్పుడు, ఇది గాలి సప్పుడు అని చెప్పొద్దా?"

"మొదట్లో ఏ పేరూ చెప్పం. ఊరికే వినాల. బాగా విన్నాక నాలుగు పేర్లు చెప్తే చాలు, మిగతాది అదే పట్టుకుంటాది."

నాకు నవ్వు వచ్చింది. నేను పద్యం నేర్చుకున్నదీ అట్లాగే. సగం పద్యం మీద అరచెయ్యి పెట్టి, కిందిది ఏమై ఉంటుందో పైకి చదివేవాణ్ణి. ఆ మాటే చెప్పాను.

"తెలుసులే. నువ్వు చెయ్యి తీసి చూసుకోవు కదా మామా. అందుకే ఆడాడ సొంత పద్యాలు వస్తాండాయి" అంది. మా ఇంటామెకు నవ్వి నవ్వి పొలమారింది.

డబ్బాలు బిగించడానికి ఆమె వెంట తోటలకు నేనూ వెళ్లాను. మొదటిది మా ఇంటి వెనక మల్బరీ తోట ఉన్న రైతు బోరుకు. ఆయన చేతులు కట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

"ఏమమ్మా, ఇది మీటరా? రేపు కరెంటు బిల్లు వేస్తారా?"

"లేదన్నా. బిల్లు వస్తే మా మామ పురాణం చెప్పేది మానేస్తాడు. ఒట్టు."

"అట్లయితే బిల్లే రానీలే తల్లీ!" అంటూ ఆయన పక్కకు జరిగాడు. "పోనీ, దీంతో నీళ్లు పడతాయా?"

"పడవన్నా. అబద్ధం చెప్పను. పోతాండాయని ముందుగా చెప్తుంది. మోటారు కాలకుండా ఆపుకుంటావు. ఇంకో పంట పెట్టాల్నా వద్దా అని ఆలోచించుకుంటావు."

ఆ రైతు అంతకుముందు ఏడాదే మోటారు కాలి, తోట ఎండి, మేపడానికి ఆకు లేక చాకీ పట్టుపురుగు పిల్లల తట్టలు పారబోసుకున్నవాడు. స్పానరు తెచ్చి ఆయనే బిగించాడు.

ఆమెకు ఒక అలవాటుండేది. దేని మీదైనా అరచెయ్యి ఆనించి ఊరుకునేది. బస్సు కిటికీ మీద, ఫ్రిజ్జు మీద, నేను నేస్తున్నప్పుడు మగ్గం గుంజ మీద. అట్లా ఉన్నప్పుడు పలకరిస్తే వేలు ఎత్తి "ఒక్క నిమిషం" అనేది. కరెంటు లేనప్పుడు డబ్బాలు ఎందుకు, ఆపెయ్యరాదా అని అడిగితే "సప్పుడు లేంది కూడా వినాల మామా" అంది. ఆ మాట నేను ఏకాదశి నాడు చెప్పుకున్నాను కూడా. అందరూ నాదే అనుకుని తలలూపారు.

ఇక పెద్దకర్మ రోజు సంగతి. మా చెల్లెలి వాకిట్లో విస్తళ్లు వేస్తున్నాం. మల్బరీ తోట రైతు వచ్చాడు. చేతిలో ఇత్తడి పళ్లెం, అందులో ఆకు, వక్క, పక్కన ఆ డబ్బా. శుభ్రంగా తుడిచి పసుపు కుంకుమ పెట్టి తెచ్చాడు.

"పాప వస్తువు మా తావ ఉంచుకుంటే బాగుండదన్నా. తల్లికి చేరల్ల" అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, అందరికీ అదే తోచింది. ఊరందరూ డబ్బాలు విప్పి తెచ్చారు. మా చెల్లెలు ఒక్కొక్కటే అందుకుని కళ్లకద్దుకుని గంపలో పెట్టుకుంది. మీది ప్రేమే. నాకు తెలుసు. నేను కూడా చూస్తూ నిలబడ్డాను.

మధ్యాహ్నం గుంతకల్లు అమ్మాయి వచ్చింది. గంప చూసి గడప మీదే కూలబడింది.

"ఎందుకు తీసినారు అంకుల్? ఎవరు తీయమన్యారు?"

"మర్యాద కదమ్మా."

"నీళ్లు నిండుగా ఉన్నప్పటి అదురే మా దగ్గర ఉండాది. దిగిపోయేటప్పటిది లేదు. ఈ ఎండల కోసమే కదా మీ పాప కాచుకున్నింది! మా సారు మిగతా పని నన్ను చేయమన్నాడు. చేస్తా. కానీ వినంది నేను యాడ నుంచి తేవాల?"

నాకు అప్పుడు అర్థమైంది. మన పురాణంలో తల్లి కడుపులో ఉండి కథ విన్న బిడ్డ ఉన్నాడు కదా. వ్యూహం లోపలికి పోయే దారి విన్నాడు. బయటికి వచ్చే దారి చెప్పేలోపు కథ ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో మీ అందరికీ తెలుసు, ఏటేటా నా నోటనే విని ఏడ్చారు. ఇప్పుడు ఆ డబ్బాలకు మీరు కథ ఆపేశారు. నిండుగా పారే నీళ్లను మాత్రమే విన్న యంత్రం మన అనంతపురం నేలలో ఎవరికి కావాలి? ఎండిపోవడం తెలియకపోతే ఆ పిల్ల ఇన్నేళ్లు చదివింది దేనికి?

ఆమె పేరు మీద అన్నదానం చేస్తామని కొందరు అడిగారు. మందిరంలో ఫోటో పెడతామన్నారు. వద్దు. ఆమె సగంలో వదిలిన పని ఒకటుంది, అది మీ బోరు దగ్గరే ఉంది.

గుంతకల్లు అమ్మాయి వెళ్లేముందు కంప్యూటరు తెరిచి చూసింది. డబ్బాలు ఒక్కటీ ఆగిపోలేదు. ఇప్పటికీ మా చెల్లెలి వసారాలో, గంపలో, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఒక్కొక్క దానిమీద ఆకుపచ్చ దీపం వెలిగి ఆరుతోంది. పసుపు కింద నుంచి కొన్నిటిది సరిగ్గా కనపడడం కూడా లేదు. చీపురు సప్పుడు, చేట సప్పుడు, మా చెల్లెలు గోడకు చేరబడి కూర్చున్నప్పుడు ఏ సప్పుడూ లేకపోవడం. పెద్దకర్మ రోజు నుంచి అవి వింటున్నది అదే.

ప్రతి డబ్బా వెనక ఎవరి బోరుదో ఆ రైతు పేరు ఆమె చేతిరాతతో ఉంది. నీళ్లు ఇప్పుడే దిగిపోతున్నాయి. వచ్చే వారం కాదు, ఈ రోజే రండి. పలకరింపులు అక్కర్లేదు, మా చెల్లెలికి ఏమీ చెప్పనక్కర్లేదు. మీ డబ్బా ఏదో చూసి తీసుకోండి. తోటలకు కరెంటు ఇచ్చేలోపు తీసుకెళ్లి బిగించండి.