చీలమండ లోతు నీళ్ళు

యెర్కో కుదురుగా కూర్చోలేని మనిషి. స్ప్లిట్ నగరపు రేవులో క్రేను నడిపిన రోజుల్లో కూడా, ఓడ రావడం ఆలస్యమైతే పైన గదిలో ఉండలేక నిచ్చెన దిగి, కూలీలతో వాదులాటకు వచ్చేవాడు. ఉద్యోగం అయిపోయాక ఆ కాళ్ళకు ఊళ్ళోని బాచ్విత్సె సముద్రతీరమే దిక్కయింది. పొద్దున్నే బేపో, ఇంకో ముగ్గురు స్నేహితులతో కలిసి చీలమండ లోతు నీళ్ళలో గుండ్రంగా నిలబడి, బొచ్చు గీకేసిన టెన్నిస్ బంతిని అరచేత్తో ఒకరికొకరు కొట్టుకోవడం. బంతి నీళ్ళలో పడకూడదు, అంతే. గెలుపూ ఓటమీ లేని ఆ పిత్సిగిన్ ఆటను వాళ్ళు చలికాలంలోనూ మానలేదు.

నవంబరులో అతనికి గుండెపోటు వచ్చింది. స్టెంటు వేసి ఇంటికి పంపిస్తూ, "ఈ చలికాలం చన్నీళ్ళ జోలికి వెళ్ళకండి" అంది డాక్టరు.

యెర్కో నీళ్ళనే కాదు, తీరానికి వెళ్ళే దారినే వదిలేశాడు. "కనబడితే ఆగలేనే" అన్నాడు భార్య పెరినాతో.

ఇక ఇంట్లో అవస్థ మొదలైంది. ఉప్పు వేయని ఆకుకూర, ఉడకబెట్టిన బంగాళాదుంపలు తినడం, వంటింటి నుంచి వీధి తలుపు దాకా నడవడం, మళ్ళీ వెనక్కి రావడం. రేడియో పెట్టడం, వార్తలు సగంలో ఉండగానే కట్టేయడం. చేతికి బీపీ మిషను పట్టీ చుట్టుకోవడం, అంకె నచ్చక మళ్ళీ చుట్టుకోవడం.

"ఏవయ్యా, నేల అరిగిపోతోంది" అంది పెరినా.

"అరగనీ. నాకు మాత్రం ఇంకేం పనుంది?"

"బేపోకి ఫోన్ చేయరాదూ?"

"వాడికి లేదా ఫోను? నేను పోయుంటే పూలగుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్ళు. పోలేదుగా, ఆ ఖర్చూ తప్పింది వెధవలకి!"

జనవరిలో ఒక మధ్యాహ్నం గుండె దడదడలాడి, ఒళ్ళంతా చెమటలు పట్టాయి. పెరినా టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పరీక్షలన్నీ చేసి, కాగితాలు పక్కన పెట్టి, డాక్టరు అతని మొహంలోకి చూసింది.

"గుండె బాగానే ఉంది యెర్కో గారూ. మీ ఇంటికి ఎవరెవరు వస్తుంటారు?"

"ఎవరూ రారు. మీరే కదా వద్దన్నారు."

"నేను చన్నీళ్ళు వద్దన్నాను. మనుషుల్ని వద్దనలేదే!"

ఆ మాట అతన్ని ఇంకాస్త కుదిపేసింది. అయినా ఫోను ముట్టుకోలేదు. మర్నాడు కోటు తగిలించుకుని, ఎటని చెప్పకుండా బయటపడి, తీరం పైనున్న రోడ్డు మీద ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

కింద నీళ్ళలో ఐదుగురున్నారు. తన చోట ఎర్ర టోపీ పెట్టుకున్న పొడుగాటి పిల్ల! యెర్కోకి ఒళ్ళు మండిపోయింది. పోనీ బాగా ఆడుతోందా అంటే, కరెంటు స్తంభంలా నిలబడి చేయి మాత్రం చాపుతోంది. బంతి పడింది. మళ్ళీ పడింది. మూడోసారి ఇక ఊరుకోవడం అతని వల్ల కాలేదు.

"వంగవే తల్లీ! చేయి కాదు, నడుం వంచు!"

అందరూ తలెత్తి చూశారు. బేపో నీళ్ళోడుతూ, వణుక్కుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"బతికే ఉన్నావురా?"

"నన్ను ఒక్కసారైనా చూడ్డానికి వచ్చావా నువ్వు?"

"ఎలా వస్తాన్రా? నీకు ఆవేశం కూడదని పెరినా మొదట్లోనే చెప్పింది. మనిద్దరం కలిశాక అరుచుకోకుండా ఉన్నదెప్పుడు? నా మూలంగా నీకేమైనా అయితే?"

యెర్కో కింద ఎర్ర టోపీ వైపు చూశాడు. "ఆ పిల్లెవరు?" అన్నాడు.

"సెంకా. ఎక్కడో ఒసియెక్ ఊరి నుంచి ఉద్యోగానికి వచ్చింది. ఊళ్ళో ఎవరూ తెలీదు పాపం. రోజూ ఇక్కడే, ఈ కడ్డీ దగ్గరే నిలబడి చూస్తుంటే రమ్మన్నాం."

ఆ రోజు నుంచి యెర్కో ఒడ్డున కోటులో కూర్చుని కేకలు వేయడం మొదలుపెట్టాడు. ఆట అయ్యాక అందరూ కాఫీ దగ్గర చేరి, ఫుట్‌బాల్ మీదా మేయరు మీదా దెబ్బలాడుకునేవాళ్ళు. మధ్యాహ్నం ఇంటికి వచ్చి సోఫాలో అలాగే నిద్రపోయిన మొగుణ్ణి చూసి, మొదటిరోజు పెరినా భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. దడ పూర్తిగా పోలేదు, మాత్రలూ తగ్గలేదు. కానీ బీపీ మిషను బల్ల మీద నుంచి అల్మారాలోకి వెళ్ళింది.

జూన్‌లో డాక్టరు సరేనంది. అతను నీళ్ళలోకి దిగగానే సెంకా టోపీ సర్దుకుని ఒడ్డు వైపు కదిలింది.

"ఎక్కడికి? ఆరుగురం ఆడదాం" అన్నాడు యెర్కో, కాస్త కటువుగానే.

వలయం వంకర పోయింది. బంతి తన దాకా రావడం లేదని గొణిగాడు. వచ్చిన మొదటి బంతికే పక్కకు దూకి, అందుకోలేక బోర్లా పడ్డాడు. లేచి నిలబడి, తెలియకుండానే ఛాతీ మీద చేయి వేసుకున్నాడు. ఐదుగురూ కొయ్యబారిపోయారు. గుండె గట్టిగా కొట్టుకుంటోంది. అతనికీ ఒక్క క్షణం భయం వేసింది.

"ఏంటలా చూస్తారు? వేయండి!"

బేపో బంతి వేశాడు, మెత్తగా, చంటిపిల్లాడికి వేసినట్టు. అందుకు కూడా తిట్లు తిన్నాడు.