గీతల టైరు

ఓబుళేసు ఏడాదికొకసారి కంబదూరులోని టైర్ల అంగడికి వస్తాడు. బోరు ఎండిపోయినప్పటి నుంచి చీనీ (బత్తాయి) చెట్లకు రోజూ బైకు మీదే క్యాన్లతో నీళ్లు మోస్తున్నాడు. తోట దారిలోని పలుగురాళ్లు టైర్లను నమిలేస్తాయి. వెనక చక్రానికి బుడిపెలుండే గట్టి బటన్ టైరు కావాలని వస్తూనే చెబుతాడు. ముందు టైరు దగ్గర మాత్రం ఆగిపోతాడు. తారురోడ్డుకు పనికొచ్చే నిలువు గీతల టైరును ఒళ్లో పెట్టుకుని, ఆ గీతల వెంట బొటనవేలు నడిపిస్తాడు. చివరికి ముందుకూ బటన్ టైరే వేయించుకుంటాడు. ఈసారి అంగడి శశికుమార్ అడక్కుండానే గీతల టైరు బిగించేశాడు. "బెంగళూరు దాకా నున్నగా పోతాదన్నా," అన్నాడు. ఓబుళేసు బండెక్కి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి, దిగాడు. "ఊడబీకప్పా. నేను యాడికి పోతాండా? తోటకే కదా." మళ్లీ బటన్ టైరే వేయించుకుని బయల్దేరాడు. అంగడి నుంచి తోట మలుపు దాకా రెండు కిలోమీటర్ల నున్నటి తారురోడ్డు ఉంది. వెనక బస్సు హారన్ కొడుతున్నా, ఆ రెండు కిలోమీటర్లూ నెమ్మదిగానే పోయాడు.