అల్లుడి గొంతుకు అయిదు మార్కులు

మర్యాద ఎక్కువైతే మనిషి ఏమైపోతాడో తెలియాలంటే ఇప్పుడు నన్ను చూడండి. పోయిన వారం దాకా వైర్‌లెస్ టెక్నీషియన్‌ని. ఈ వారం... ముందు టీ తాగండి, చెప్తా.

తమిళనాడులో మా ధర్మపురిలో ఒక ప్రైవేట్ ఆంబులెన్స్ సర్వీసు ఉంది. సెల్‌ఫోన్లకు ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది గానీ, మారండహళ్ళి దాటితే ఆ ఫోను జేబుకు బరువే. అందుకని వైర్‌లెస్ పెట్టినారు. మూడు కొండల మీద మూడు టవర్లు. బండిలోంచి డ్రైవరు మాట్లాడితే మూడూ వింటాయి, వాటిలో ఏది బాగా వింటే దాని మాటే కంట్రోల్ రూముకు పోతుంది. మారండహళ్ళి టవర్‌కు ఏరియల్ కట్టింది నేనే! కాలేజీ చదువు కాదు, పాత రేడియోలు విప్పి విప్పి సంపాదించిన విద్య. "టెస్ట్ రిపోర్ట్ బాగుంటే నిన్ను పర్మనెంట్ చేస్తా" అన్నాడు బెంగళూరు మేనేజరు.

టెస్ట్ అంటే పెద్ద విషయం కాదు. నేను జీపులో ఊరూరా తిరిగి మైకులో ఏదో ఒకటి చెప్పాలి. కంట్రోల్ రూములో సెల్వి అనే అమ్మాయి అది విని, తిరిగి నాకు చెప్పి, మార్కు వేయాలి. పక్కన కూర్చుని మాట్లాడినట్టుంటే అయిదు. వట్టి బుస్సుమంటే ఒకటి.

సరిగ్గా ఆ రోజే సెల్వి లీవు! అక్క కూతురికి చెవులు కుట్టే ఫంక్షనంట. ఇంట్లో ఖాళీగా ఉన్నాడు కదా అని ఆ అమ్మాయి కుర్చీలో మా మామను కూర్చోబెట్టినాను. ఆయన మా అమ్మకు తమ్ముడు, నాకు పిల్లనిచ్చినోడు. రెండు వైపులా పెద్దరికమే. అట్లాంటి మనిషిని "నేనేం చెప్పినానో తిరిగి చెప్పు" అని స్కూలు పిల్లోణ్ణి అడిగినట్టు అడిగేదెట్లా? మార్కు ఒక్కటి చెప్తే చాల్లే అన్నాను.

కడత్తూరులో మైకు నొక్కినాను.

"అయిదు, అల్లుడా!"

మారండహళ్ళి బజారులో, కూరగాయల లారీల మధ్య.

"అయిదు!"

ఊరు దాటి, కొండ వెనకాల పల్లంలో. ఇక్కడ కష్టమే అనుకుంటా మైకు నొక్కి, ఇంకా నోరు తెరవలేదు...

"అయిదు, అల్లుడా! ఎండలో తిరగొద్దు, ఏమన్నా తిన్నావా?"

మీరైతే అనుమానపడేవాళ్ళు. నేను మాత్రం ఆ కొండ వైపు తిరిగి, నేను కట్టిన ఏరియల్‌ను చూసుకుని మీసం దువ్వుకున్నాను.

మొన్న మేనేజరు వచ్చి, జీపెక్కి, నేరుగా ఆ పల్లానికే పోనిమ్మన్నాడు. మైకు పట్టుకుని, "పేషెంటు సీరియస్, డాక్టర్ని రెడీగా ఉండమనండి" అన్నాడు. అటు సెల్వి.

"ఒణ్ణుమే పురియలె సార్! ఒరే ఇరైచ్చల్!"

ఒక్క ముక్కా అర్థం కాలేదంట, అంతా గోలేనంట. మేనేజరు నా రిపోర్టు తీసినాడు. పైనుంచి కింది దాకా అయిదులే.

"యారుయ్యా మార్క్ పోట్టదు?"

ఎవరు వేసినారని చెప్పేది? "మా మామ సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. "నిజం పేషెంటైతే చచ్చిండేవాడు" అని, జీపులోంచి నా టూల్స్ బ్యాగు దించి నా చేతికిచ్చినాడు. పర్మనెంట్ సంగతి దేవుడెరుగు, టెంపరరీ కూడా పోయింది.

సరాసరి మామ ఇంటికి పోయినాను.

"మామా, నిజం చెప్పు. ఆ రోజు నా మాట వినిపించిందా?"

"యాడ వినిపించె? సగం ఊర్లలో బుస్సు బుస్సే."

"మరి అయిదెందుకు వేస్తివి?"

మామ నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసినాడు. "రెండు వేయమంటావా? ఇంటల్లుడికి? నలుగురు కూర్చునే ఆఫీసులో? నా కూతురికి మొగమెట్లా చూపించేది?"

అత్త గబగబా ఆకు వేసి, ఉద్యోగం పోయిన అల్లుడని ఇంకో గరిటె ఎక్కువే వడ్డించింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. సాంబారులో ఉప్పు లేదు. బొత్తిగా లేదు.

"ఎట్లుంది నాయనా?" అనింది అత్త, నా మొగం చూస్తా.

"బ్రహ్మాండం అత్తా!" అన్నాను.

అన్నాక తెలిసింది. ఆ కుర్చీలో మామకు బదులు నేను కూర్చుని ఉన్నా, నా ఉద్యోగం ఊడేదే.